నల్లని మనిషి కోసం మూసిన తలుపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోనుకి ఒక వీడియో వచ్చింది. మా చిన్నప్పటి సరస్సు ఒడ్డున ఉన్న పవర్ స్టేషన్ పొగగొట్టాలను మందుగుండు పెట్టి కూల్చేశారు. గొట్టాలు రెండూ మెల్లగా ఒక పక్కకి ఒరిగి దుమ్ములో కలిసిపోయాయి. ఒడ్డున మడతకుర్చీలు వేసుకుని చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు దేనికో అర్థంకాక నాకు ఒళ్ళు మండింది. నాన్నకి చూపిద్దామని ఆయన గదిదాకా వెళ్ళి, మనసొప్పక వెనక్కి వచ్చేశాను.

ఆ గొట్టాల కిందే నాన్న పనిచేశాడు. కొత్త వెయ్యేళ్ళు మొదలయ్యే క్షణాన కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడి ఆగిపోతాయని, కరెంటు పోతుందని, విమానాలు కూలతాయని లోకమంతా భయపడిన కాలమది. ఆ భయం పుణ్యమా అని హైదరాబాదు నుంచి విమానాల నిండా మనవాళ్ళని రప్పించారు. అందరికీ సిడ్నీలో, పారమట్టాలో ఆఫీసులు దొరికితే, మా నాన్నకి మాత్రం ఎక్కడో సరస్సు ఒడ్డున ఈ పవర్ స్టేషన్ దొరికింది. అలా మేము ఆ పల్లెకి వచ్చిపడ్డాం. అక్కడ తెలుగు కుటుంబం మాది ఒక్కటే. సిడ్నీ శివారు గిరావీన్‌లో ఉండే మా చర్చివాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా "ఆ అడవిలో ఎట్టా ఉంటన్నారే" అని అమ్మ మీద జాలిపడేవాళ్ళు.

సరస్సంటే తామరపూలు ఊహించుకోకండి. అది ఉప్పునీళ్ళ సరస్సు. ఎండాకాలం నీటిగడ్డి ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళితే ఊరంతా మురిగిపోయిన కోడిగుడ్ల వాసన. దానిమీద బొగ్గు పొగ వాసన. పవర్ స్టేషన్ నుంచి వేడినీళ్ళు వచ్చి కలిసే కాలవ దగ్గర చలికాలంలో కూడా పిల్లలం ఈదేవాళ్ళం. ఆ వేడికి చేపలూ రొయ్యలూ అక్కడే మూగేవి. అమ్మ రొయ్యల్లో గోంగూర వేసి వండితే, రేకు కంచె అవతల నుంచి పక్కింటి పెద్దావిడ తుమ్ములు వినిపించేవి. గోంగూర కట్టలు దగ్గరి టౌనులో మసాలా కొట్టు పెట్టుకున్న హైదరాబాదీ అంకుల్ దగ్గర దొరికేవి. ఆయన అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవాడు.

ఊళ్ళో ఇళ్ళన్నీ గని కంపెనీ కట్టించిన చెక్క ఇళ్ళు. బొగ్గు గనుల్లో పనికి ఎప్పుడో స్కాట్లాండు నుంచి వచ్చిన వాళ్ళ ఇళ్ళు. మేము వెళ్ళేసరికే గని మూతపడింది. మిగిలినవాళ్ళందరూ ముసలివాళ్ళు, లేదా ముసలివాళ్ళు అవుతున్నవాళ్ళు. నాకు తోటిపిల్లలు తక్కువ కాబట్టి దుడుకు పనులన్నీ ఒక్కదాన్నే చేసేదాన్ని. వీధి చివర ఎర్రజుట్టు ఆంటీ ఒకావిడ ఉండేది. ఆమె ఉత్తరాల డబ్బాలో జెల్లీచేపని వేశాను. ఆమె చేతికి జిగటంటుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. ఇలాంటి పని ఇంకెవరు చేస్తారు మరి. అమ్మ ఆమె ముందే నా చెవి మెలేసింది.

అమ్మ టౌనులో వృద్ధాశ్రమంలో నర్సు. ఆమె వచ్చేదాకా, బడి వదిలాక నన్ను పక్కింటి పెద్దావిడ దగ్గర ఉంచేవాళ్ళు. నేను ఆవిణ్ణి గ్రానీ అనేదాన్ని. చిన్న మనిషి, పెద్ద గొంతు. ఆవిడ బార్లీగింజలు, గొర్రెమాంసం కలిపి ఉడికించిన చప్పటి గంజిలాంటిది గిన్నె నిండా పోసి ఎదురుగా కూర్చునేది. నేను కాగితం పొట్లంలో కారం మడిచి జేబులో పెట్టుకెళ్ళి ఆవిడ అటు తిరగ్గానే చల్లుకునేదాన్ని. ఒకరోజు ఆ గిన్నె నాదో ఆవిడదో తెలియక మారిపోయింది. దగ్గీ దగ్గీ ఎర్రబడిపోయి, చివరికి "ఇది బావుంది" అంది. మర్నాటి నుంచి పొట్లం ఇద్దరికీ తెమ్మంది.

మా సరస్సుని అమ్మ చెరువనేది. గ్రానీ లాక్ అనేది, గొంతులోంచి గరగరలాడించి. ఆవిడ పుట్టింది స్కాట్లాండులో అలాంటి ఒక లాక్ ఒడ్డున, పది రాతి ఇళ్ళ పల్లెలో. "ఇది నీళ్ళంటారా? ఇది గోరువెచ్చటి పులుసు. మా నీళ్ళల్లో చెయ్యి పెడితే ఎముక నొప్పి పుట్టేది" అనేది. అక్కడ చేపలకి వెళ్ళే మగవాళ్ళు పొద్దున్నే కాళ్ళు తడుపుకోకూడదని ఆడవాళ్ళే వాళ్ళని వీపున మోసుకుని పడవ ఎక్కించేవాళ్ళట. వాళ్ళమ్మ పావడా పైకి దోపుకుని, మోకాలి లోతు మంచునీళ్ళలో వాళ్ళ నాన్నని మోసుకెళ్ళడం ఆవిడ ఒడ్డున నిలబడి చూసేది. నేను నమ్మలేదు. ఆ సాయంత్రం అమ్మతో చెబితే, "మోసిన మనిషి పేరు ఎవుడూ చెప్పడు, మోయించుకున్నోడి పేరు చెప్తారు" అంది.

వాళ్ళ నాన్న ఒక ఏడు పడవతో పాటు తిరిగిరాలేదు. ఆ ఏడు కొత్త సంవత్సరం నాడు వాళ్ళ గుమ్మంలోకి మొదట వచ్చింది ఎర్రజుట్టు మనిషట. అది చెప్పేటప్పుడు గ్రానీ గొంతు తగ్గించేది. వాళ్ళ ఊళ్ళో ఏడాది మారాక గడప మొదట దాటేది నల్లని మగమనిషి అయ్యుండాలి. చేతిలో బొగ్గు, రొట్టె, ఉప్పు, కాస్త విస్కీ ఉండాలి. అలాగైతే ఆ ఇంటికి ఏడాదంతా పొయ్యికీ తిండికీ లోటుండదు. ఆడవాళ్ళు గానీ, ఎర్రజుట్టు వాళ్ళు గానీ ముందొస్తే కీడు. ఆ మనిషి వచ్చేదాకా ఏదీ లోపలికి రాకూడదు, ఏదీ బయటికి పోకూడదు. గ్రానీకి పెళ్ళయి ఈ ఊరొచ్చాక వాళ్ళాయనే దొడ్డిదారిన బయటికెళ్ళి ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు. ఒక ఏడు ఆయన బొగ్గు తెచ్చేలోపే వీధి చివరి ఎర్రజుట్టు ఆంటీ, అప్పుడు పడుచుపిల్ల, కేకు పట్టుకుని నవ్వుతూ లోపలికి వచ్చేసిందట. ఆ ఏడే గని కప్పు కూలి ఆయన పోయాడు. "రెండుసార్లు చూశాను. మూడోసారి చూడను" అనేది గ్రానీ.

మేము వెళ్ళిన మొదటి డిసెంబరులో గ్రానీ మా ఇంటికి వచ్చి నాన్నని ఎగాదిగా చూసింది. వాళ్ళ దేశంలో నల్లని మనిషంటే నల్లజుట్టువాడనే. మా నాన్న మాత్రం జుట్టుతో సహా నిండా నలుపు. ఇంత అదృష్టం పక్కింట్లోనే దొరికిందని ఆవిడ మురిసిపోయింది. కాగితంలో చుట్టిన బొగ్గుగడ్డ ఒకటి, వాళ్ళాయన గని నుంచి తెచ్చినది, నాన్న చేతిలో పెట్టి, "ముసలిదాన్ని, అర్ధరాత్రి మేలుకోలేను. తెల్లారాక రా. నువ్వు వచ్చేదాకా తలుపు తియ్యను" అంది.

ఆవిడ వెళ్ళగానే అమ్మ మొదలుపెట్టింది.

"ఏవండీ, ఇట్టాంటి శకునాలు దేవుడికి ఇష్టం లేవు. పాస్టరు గారికి తెలిస్తే ఏవంటారు?"

"పెద్దావిడ. ఒక్కత్తే ఉంటది. వెళ్ళి పలకరిస్తే పోయేదేముంది?" అన్నాడు నాన్న.

"విస్కీ సంగతేంటి మరి?"

"ద్రాక్షరసం పట్టుకెళ్తాలే."

నాన్న ఊరి బయట పేటలో, ఊరివాళ్ళు అంటుకోని ఇళ్ళలో పుట్టాడు. పొద్దున్నే ఆయన పలక పట్టుకుని పెద్దవీధిలోంచి బడికి వెళ్తుంటే, పొలానికి బయల్దేరిన ఆసాములు ఎదురొచ్చాడని వెనక్కి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేవాళ్ళట. పదోతరగతి పరీక్షల రోజున తోటి కుర్రాడి తల్లి, నాన్న వీధి మలుపు దాటేదాకా కొడుకుని రెక్క పట్టుకుని లోపలే ఆపేసింది. నాన్న ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు. "వాడు ఫెయిలయ్యాడు, నేను పాసయ్యాను" అని ముగించేవాడు.

ఆ జనవరి ఒకటిన తెల్లారగట్ల నాన్న పెళ్ళినాటి సూటు వేసుకున్నాడు. ఆ ఎండల్లో సూటు. నేనూ వెంట వెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాను. గ్రానీ మెడ దగ్గర వెండి బ్రోచి పెట్టుకుని, లేసు గౌనులో తలుపు తీసింది. నాన్న కుడికాలు లోపల పెట్టి, ఆవిడ నేర్పినట్టే "హ్యాపీ న్యూ ఇయర్, ఈ ఇంటికి మేలు కలగాలి" అన్నాడు. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ద్రాక్షరసం మాత్రం ఒక గుక్క తాగి, ఇది చంటిపిల్లలదని పక్కన పెట్టింది. నాన్న ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు సూటు విప్పలేదు. నేను ఆయన మొహంలో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ ఏడంతా గ్రానీకి ఏ మంచి జరిగినా నాన్న ఖాతాలోకే వెళ్ళింది. పడమట ఊళ్ళో ఉండే కొడుకు ఫోన్ చేసినా, మోకాలి నొప్పి తగ్గినా, గులాబీ పూసినా, "మీ నాన్న పాదం మంచిది" అనేది. పవర్ స్టేషన్‌లో తోటివాళ్ళు కూడా నాన్నని లక్కీ అని పిలవడం మొదలుపెట్టారు. అమ్మ కూడా సణగడం మానేసింది.

అందరూ భయపడిన ఆ రాత్రి రానే వచ్చింది. ఆ రోజు పొద్దున్నే కంపెనీవాళ్ళు నాన్నని పారమట్టా పెద్దాఫీసుకి రమ్మన్నారు. తేదీ మారేదాకా కంప్యూటర్ల ముందు కాపలా. నాన్న వెళ్ళేముందు గ్రానీ గుమ్మంలో నిలబడి, "రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను" అని మాటిచ్చాడు. "నువ్వు వచ్చేదాకా తలుపు తియ్యను" అంది ఆవిడ, కిందటేడు అన్నట్టే. ఆ సాయంత్రం అమ్మ టౌను నుంచి గ్రానీ గుండెకి వాడే మాత్రల కొత్త పెట్టె తెచ్చింది. "రేపటికి ఉన్నాయిలే. అవి కూడా మీ ఆయన చేతే పంపు, మంచిది" అంది గ్రానీ.

ఏమీ జరగలేదని ఇప్పుడు అందరికీ తెలుసు. కరెంటు పోలేదు, విమానాలు కూలలేదు. కానీ కంపెనీ వాళ్ళకి నమ్మకం కుదరలేదు. సెలవులయ్యి ఆఫీసులు తెరుచుకుంటే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి అని అందరినీ అక్కడే ఆపేశారు. మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు.

"వదలట్లేదే. వెళ్తే ఇంక రావద్దంటున్నారు. కాంట్రాక్టు పొడిగించకపోతే మన వీసా సంగతేంటి? పెద్దావిడకి ఏదోటి చెప్పు."

అమ్మ వెళ్ళి చెప్పింది. గ్రానీ కిటికీ దోమతెర వెనక నిలబడి విన్నది. "అయితే రేపు వస్తాడు" అంది.

"మాత్రలైనా తీసుకోండి. కిటికీలోంచి ఇస్తాను."

"ఏదీ లోపలికి రాకూడదు. నీకు తెలుసుగా."

"మీరిట్టా మొండికేస్తే నేను పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. నాకు బాగానే ఉందని వాళ్ళకీ చెబుతాను."

అమ్మ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆవిడ వినలేదు. డాక్టరు క్లినిక్ సెలవులకి మూసేసి ఉంది. ఎర్రజుట్టు ఆంటీని అడిగితే, "ప్రతి ఏడూ ఇంతే. నన్నైతే చూస్తే రాయి విసురుతుంది. వదిలెయ్" అంది. వాయవ్యం నుంచి ఎండగాలి కొట్టడం మొదలైంది. దూరంగా ఎక్కడో అడవి తగలబడుతున్న వాసన. గ్రానీ ఇంటికి రేకు కప్పు. అమ్మ గంటగంటకీ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి నీళ్ళు తాగమని చెప్పి వచ్చేది.

మర్నాటికి మాత్రలు అయిపోయాయి. నాన్న రాలేదు. అప్పుడు అమ్మకి హైదరాబాదీ అంకుల్ గుర్తొచ్చాడు. శకునాలు దేవుడికి ఇష్టం లేవన్న మా అమ్మే నల్లని మగమనిషి కోసం ఫోన్ చేసింది. సంగతి అంతా విని ఆయన పకపకా నవ్వాడు.

"నేను మరీ అంత నల్లగుండ కదా చెల్లెమ్మా. జుట్టయితే నల్లగనే ఉండె, ఇప్పుడు టోపీ పెట్టుకుంటే ఎవరికి తెలుస్తది? పెద్దమనిషి పాణం ముఖ్యం. దుకాణం బంద్ చేసి వస్తున్న."

అరగంటలో వచ్చాడు. కారులోంచి ఇస్త్రీ చేసిన షేర్వాణీలో దిగాడు. గ్రానీ ఈ ఏటికని ముందే ఇచ్చి ఉంచిన బొగ్గుగడ్డని అమ్మ అలమరలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. రొట్టె, ఉప్పు, మాత్రల పెట్టె ఇచ్చింది. ఆయన అన్నీ ప్రసాదంలా రెండు చేతుల్లో పట్టుకుని గ్రానీ మెట్లెక్కి, "అమ్మా, దర్వాజా తియ్యండి, మీ మంచి కోసం దువా చేస్త" అని తెలుగులోనే పిలిచాడు. అంత హడావుడిలో ఒక్క సంగతి మాకెవరికీ తట్టలేదు. రోజూ చూసే మొహం కదా. ఆయన గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటాడు. రంజాన్ పండగ ముందు పెట్టుకున్న రంగు, ఆ ఎండలో ఎర్రగా నిప్పులా మెరుస్తోంది.

గ్రానీ కిటికీ తెర పక్కకి జరిపి చూసింది. ఒక్క క్షణమే చూసింది. ఆమె నోట్లోంచి ఏదో మాట వచ్చింది, ఇంగ్లీషు కాదు, వాళ్ళ ఊరి భాష. తర్వాత తలుపు వెనక బరువైన కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. కిటికీ మూసుకుంది. తెర దిగింది. ఆ ఇంట్లో గాలి కోసం తెరిచి ఉంచింది ఆ కిటికీ ఒక్కటే.

అంకుల్ మెట్ల మీద నిలబడి గడ్డం తడుముకున్నాడు. "తప్పయింది చెల్లెమ్మా" అన్నాడు చివరికి. ఆయన తప్పేముంది పాపం. వెళ్ళేటప్పుడు చేతిలో ఉన్నవన్నీ అమ్మకి తిరిగి ఇచ్చేసి, కారు ఎక్కకుండా చాలాసేపు ఆ ఇంటివైపే చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ నాన్నకి ఫోన్ చేసి ఒక్కటే మాట అంది. "ఉద్యోగం కావాలో, ఆవిడ కావాలో మీరే తేల్చుకోండి." ఆ సాయంత్రం అమ్మ గోడ మీద తడితే గ్రానీ లోపల నుంచి కర్రతో తిరిగి తట్టింది. మర్నాడు తెల్లారి తడితే జవాబు రాలేదు. అమ్మ పరుగున వచ్చి అంబులెన్సుకి ఫోన్ చేసింది. అది సరస్సు చుట్టూ తిరిగి రావాలి. అదే సమయానికి నాన్న మొదటి రైలు దిగి, స్టేషను నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా ఆఫీసు నుంచి వచ్చేశాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది.

"వెనక తలుపు అద్దం పగలగొట్టండి, తేలిగ్గా వస్తది" అంది అమ్మ.

"ముందు నుంచే వెళ్ళాలి" అన్నాడు నాన్న. అమ్మ చేతిలోంచి బొగ్గు తీసుకున్నాడు. రొట్టె, ఉప్పు తీసుకున్నాడు. భుజంతో తలుపుని గుద్దీ గుద్దీ, కుర్చీ పక్కకి జరిగాక కుడికాలు లోపల పెట్టాడు.

గ్రానీ లేసు గౌనులోనే ఉంది. బ్రోచి పెట్టుకునే ఉంది. ఇంకో కుర్చీలో తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది. పక్కన బల్ల మీద కేకు ముక్కలు, రెండు గ్లాసులు. అమ్మ ఆవిడ మెడ మీద వేళ్ళు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. చల్లబడి చాలాసేపయింది.

నాన్న పొయ్యిలో బొగ్గు పెట్టాడు. బల్ల మీద రొట్టె, ఉప్పు పెట్టాడు. ఆవిడ ముందు నిలబడి, "హ్యాపీ న్యూ ఇయర్, ఈ ఇంటికి మేలు కలగాలి" అన్నాడు. నాకు భయమేసి అమ్మ చీర పట్టుకున్నాను.

"ఎవరికండీ ఇంక" అంది అమ్మ.

"నన్ను రమ్మంది కదా" అన్నాడు నాన్న.

పడమట నుంచి కొడుకు వచ్చాడు. మంచివాడు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి హాల్లో టీ తాగుతుంటే, గనిలో పనిచేసిన ముసలాయన ఒకడు నాన్న భుజం మీద చెయ్యి వేసి ఆప్యాయంగానే చెప్పాడు. "శవం ఉన్న ఇంట్లోకి తొలి అడుగు వేసినవాడు ఆ కీడు తనతో మోసుకుపోతాడంటారు. కొన్నాళ్ళు ఎవరింటికీ ముందు వెళ్ళకు, అబ్బాయ్." నాన్న తల ఊపాడు. ఊరికే మర్యాదకి ఊపాడనుకున్నాను.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఏమీ జరగలేదు కాబట్టి అసలు ఏ ప్రమాదమూ లేదనుకున్నారు జనం. రెండు మూడు నెలల్లో ఆఫీసులో ఆగినవాళ్ళనీ పంపేశారు. అమ్మ నర్సు ఉద్యోగం మీదే మాకు వీసా వచ్చింది. గిరావీన్ వెళ్ళిపోయాం. నాన్నకి పోస్టు సంచులు సర్దే పని దొరికింది, రిటైరయ్యేదాకా అదే చేశాడు. ఆ పల్లెలో చెక్క ఇళ్ళు ఇప్పుడు సిడ్నీవాళ్ళ సెలవుల బంగళాలు. గ్రానీ ఇంటి స్థలంలో అద్దాల మేడ లేచిందట.

కిందటేడు మేము బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం. పాస్టరు గారు, చర్చివాళ్ళు అందరూ వచ్చారు. నేను తాళంచెవి నాన్న చేతిలో పెట్టి, "ముందు నువ్వే అడుగుపెట్టు నాన్నా" అన్నాను. ఎప్పటి నుంచో అనుకున్న మాట అది. ఆయన తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టేశాడు.

"నేనొద్దమ్మా. మీరంతా వెళ్ళండి. నేను తర్వాత వస్తా."

"ఇట్స్ జస్ట్ ఎ హౌస్, తాతా" అని నా కూతురు ఆయన చెయ్యి పట్టి లాగింది. ఆయన నవ్వుతూనే కారు పక్కకి, దారికి అడ్డం లేకుండా జరిగి నిలబడ్డాడు. ఊరివాళ్ళు ఎన్నేళ్ళు వెనక్కి తిరిగినా నవ్వుతూ చెప్పుకున్న మనిషిని, అంత ప్రేమగా చేతులు పట్టుకుని లోపలికి పిలిచిన ఆ పెద్దావిడ ఇలా చేసిపెట్టింది. ఆవిణ్ణి నేను ఎంతో ప్రేమించాను. ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడి నాకు ఆవిడ మీద కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. మేమందరం లోపలికి వెళ్ళి, ప్రార్థన అయిపోయి, పాలు కూడా పంచాక నాన్న వచ్చాడు.